కుంటే పెరటికోడి: కారణం కనిపెట్టడం నుంచి మళ్ళీ గుంపులో కలిపేదాకా

కోడి కుంటుతోందనగానే మన ఇళ్ళలో రెండే సలహాలు వినపడతాయి. ఒకటి పసుపు రాయమని, రెండోది కూర వండేయమని. పసుపు వల్ల నష్టం లేదు గానీ, దెబ్బ ఎక్కడుందో చూడకుండా రాస్తే లాభమూ లేదు. అరికాలిలో పుండు ఉన్న కోడీ, లోపల గుడ్డు అడ్డుపడ్డ కోడీ, వైరస్ సోకి నరం పడిపోయిన కోడీ పైకి ఒకేలా కుంటుతాయి. చేయాల్సిన పని మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. అందుకే ఇక్కడ మందుల కంటే చూడటం గురించే ఎక్కువ చెబుతున్నాను.

విజయవాడ, గుంటూరు లాంటి ఊళ్ళలో ఇళ్ళ మధ్య నాలుగైదు కోళ్ళు పెంచేవాళ్ళకు ఒక ఊరట ఉంది. నేను చూసినంతలో ఇక్కడి కుంటి కోళ్ళ కథ చాలావరకు మూడు కారణాల దగ్గరే తేలుతుంది: అరికాలి పుండు, వేళ్ళకు దారమో వెంట్రుకో చుట్టుకోవడం, ఎత్తు నుంచి దూకి బెణకడం. తొందరగా పట్టుకుంటే మూడూ ఇంట్లోనే నయమయ్యేవే.

1. పట్టుకునే ముందు కాసేపు చూడండి

కుంటుతోందని కనపడగానే వెంటపడకండి. భయపడిన కోడి నొప్పిని దాచుకుని పరిగెడుతుంది, మీకేమీ అర్థం కాదు. గుప్పెడు నూకలు చల్లి, దూరంగా నిలబడి నడక గమనించండి.

ఒక కాలే ఎత్తి పెడుతోందంటే దెబ్బో, పుండో, దారమో అయ్యే అవకాశం ఎక్కువ. రెండు కాళ్ళూ తేలిపోతుంటే, మాటిమాటికీ కూర్చుండిపోతుంటే లోపలి కారణం ఉండొచ్చు. ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనక్కూ చాపి పడుకుందంటే అది వేరే కథ, దాని సంగతి కింద చెబుతాను. మేత మీద ఆశ ఉందా, తురాయి ఎర్రగా ఉందా, రెట్ట ఎలా ఉంది, మిగతావి దాన్ని పొడుస్తున్నాయా అన్నవి కూడా చూసుకోండి. మేతకు ఉరికే కుంటి కోడి గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. మేత మానేసి మూల నక్కినదాని విషయంలోనే తొందరపడాలి.

మెడ మెలితిరగడం, ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి గురగురమని ఊపిరి తీయడం, ఒకటి కాక రెండు మూడు కోళ్ళు ఒకేసారి పడిపోవడం, ఇలాంటివి కనపడితే ఆ కోడిని చేత్తో తాకకుండా నేరుగా 7వ భాగానికి వెళ్ళండి.

2. పట్టుకోవడం, పైనుంచి కింద దాకా తడమడం

చీకటిపడ్డాక గూట్లో సర్దుకున్న కోడిని పట్టుకోవడం తేలిక. సెల్‌ఫోన్ లైటు చాలు. రెండు అరచేతులతో రెక్కలు ఒంటికి అదిమి పట్టి ఎత్తి, పాత తువ్వాలు చుట్టి చంకలో పెట్టుకోండి. తువ్వాలు కొసతో కళ్ళు కప్పితే కోడి నెమ్మదిస్తుంది. రొమ్మును మాత్రం గట్టిగా నొక్కకండి. మనకున్నట్టు కోడికి ఊపిరితిత్తుల కింద విభాజక పటలం ఉండదు. రొమ్ము ఎముక కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది. సంతలో పట్టినట్టు కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీస్తే ఉన్న నొప్పికి తుంటి కీలు జారడం కూడా తోడవొచ్చు.

కింద నుంచి పైకి రండి. ముందు అరికాలు. తడిగుడ్డతో మట్టి తుడిస్తే గానీ అసలు సంగతి తెలియదు. నల్లటి చెక్కు కట్టిందా, వాచిందా చూడండి. తర్వాత ఒక్కో వేలూ విడదీసి మొదళ్ళు చూడండి. కాలి పొలుసులు నున్నగా అతుక్కుని ఉన్నాయా, పైకి లేచి గరుకుగా ఉన్నాయా? ఆ పైన మడమ కీలు, తొడ, తుంటి. బాగున్న కాలిని కూడా ఇలాగే తడిమి పోల్చండి. ఒకటి రెండోదాని కంటే వేడిగా, లావుగా ఉంటే జాడ అక్కడే. కోడి ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది కాబట్టి ఒళ్ళు వెచ్చగా తగిలితే జ్వరం అనుకోవద్దు. చివరగా పొట్ట కింద భాగం నిమిరి, గుడ్డు ఆకారంలో గట్టిగా ఏమైనా ఉందేమో చూడండి.

3. దారం, వెంట్రుక

దీన్ని విడిగా చెప్పడానికి కారణం ఉంది. ఎవరూ దీని కోసం వెతకరు. తల దువ్వుకుని పెరట్లో పారేసిన చిక్కు వెంట్రుకలు, కుట్టుమిషన్ దగ్గరి దారపు ముక్కలు, సంక్రాంతి అయ్యాక చెట్లకూ పిట్టగోడలకూ వేలాడే మాంజా, ఇవన్నీ కోడి మట్టి గీరుతుంటే వేళ్ళకు చుట్టుకుంటాయి. గీరేకొద్దీ బిగుస్తాయి. కొన్నాళ్ళకు చర్మం వాచి దారాన్ని కప్పేస్తుంది. పైకి వేలు మొదట్లో సన్నటి గీత, దాని అవతల ఉబ్బిన వేలు, అంతే కనపడుతుంది.

గుంటూరు వైపు ఇంకో సంగతి కూడా ఉంది. పాత మిర్చి టిక్కీలకు, అంటే మిరపకాయలు నింపే గోతాలకు అక్కడ కొదవ లేదు, కోళ్ళగూట్లో వాటినే పరుస్తారు. ఆ ఘాటు కోడికి పట్టదు, మిరప మంట పక్షులకు తెలియదు. గోతం దులిపిన మన చేతులే భగ్గుమంటాయి. ఇబ్బందల్లా గోనె పీచుతోనే. గోతం పాతబడి చివికాక ఆ పోగులు సరిగ్గా వెంట్రుకల్లాగే వేళ్ళకు బిగుస్తాయి.

తీయడానికి మంచి వెలుతురు, మొన సన్నగా ఉన్న చిన్న కత్తెర, ట్వీజర్ కావాలి. గోరువెచ్చటి నీళ్ళలో కాలు పది నిమిషాలు నానబెడితే చర్మం మెత్తబడుతుంది. దారాన్ని లాగొద్దు. లాగితే ఇంకా లోపలికి కోసుకుపోతుంది. కత్తెర మొనను దారం కిందికి పోనిచ్చి, ఒకటికి రెండు చోట్ల కత్తిరించి, ముక్కలు ముక్కలుగా తీయండి. చుట్లు ఎన్నో ఉంటాయి, ఒకటి రాగానే అయిపోయిందనుకోకండి. ఆ తర్వాత నీళ్ళు కలిపిన బీటాడిన్‌తో కడిగితే చాలు. వేలు నల్లబడి చల్లగా తగిలితే మాత్రం అందులో ప్రాణం పోయినట్టే, డాక్టరుకు చూపించాలి. ఒక వేలు పోయినా కోడి హాయిగా బతుకుతుంది.

4. అరికాలి పుండు

అరికాలి మెత్తటి భాగంలో చిన్న గాయమై, అందులోకి సూక్ష్మక్రిములు, ముఖ్యంగా స్టెఫైలోకాకస్, చేరితే వచ్చేది ఇది. దీన్ని కొందరు ఆనె అంటారు. పైన నల్లటి చెక్కు, చుట్టూ వాపు. కోళ్ళు మట్టి మీద తిరిగేలా పుట్టాయి. మనం పటమటలోనో బ్రాడీపేటలోనో సిమెంటు చేసిన దొడ్లో, డాబా మీద పెంచుతున్నాం. గట్టి నేల, దాని మీద తడిసిన రెట్ట, పైగా గోడ మీద నుంచి రోజూ దూకడం. వనరాజా లాంటి బరువైన కోళ్ళకు ఇంకా తొందరగా వస్తుంది.

చెక్కు చిన్నగా ఉండి వాపు లేకపోతే ఇంట్లోనే చూసుకోవచ్చు. చేతులకు గ్లవ్స్ వేసుకోండి. ఈ క్రిమి మన చేతి గాయాల్లోకీ వస్తుంది.

లీటరు గోరువెచ్చటి నీళ్ళలో రెండు టేబుల్ స్పూన్ల ఎప్సమ్ సాల్ట్ కలిపి కాలు పది పదిహేను నిమిషాలు ముంచి ఉంచండి. ఆ నీళ్ళు తాగనివ్వకండి, విరేచనాలు పడతాయి. బయటికి తీసి శుభ్రమైన గుడ్డతో పూర్తిగా తుడిచి ఆరనివ్వండి. బీటాడిన్‌ను లేత డికాషన్ రంగు వచ్చేదాకా నీళ్ళతో పలచన చేసి పుండు కడగండి. మందు అద్దిన గాజుగుడ్డను మడిచి అరికాలి మీద పెట్టి, పైన కట్టు కట్టండి.

కట్టడంలోనే చాలామంది తడబడతారు. సన్నగా, వేలెడు వెడల్పున చీల్చిన వెట్‌ర్యాప్ (తనకు తానే అతుక్కునే కట్టు గుడ్డ) కావాలి. అది దొరక్కపోతే మందుల షాపులో క్రేప్ బ్యాండేజీ అడగండి. కాలి గొట్టం మీద ఒక చుట్టు వేసి, అరికాలి కిందుగా తెచ్చి, వేళ్ళ సందుల్లోంచి పైకి లాగి మళ్ళీ గొట్టం మీదికి, ఇలా అడ్డదిడ్డంగా తిప్పుకుంటూ రావాలి. వేళ్ళ కొసలు బయటికి కనపడాలి. అరగంట తర్వాత ఆ కొసలు ముట్టుకుని చూడండి. వాచినా చల్లబడినా కట్టు బిగిసిందని అర్థం, విప్పి మళ్ళీ కట్టాలి. కట్టు రోజూ మార్చండి, తడిస్తే వెంటనే మార్చండి.

వారం పది రోజులకు చెక్కు పలచబడి కొత్త చర్మం కనపడాలి. అలా కాకుండా పాదమంతా ఉబ్బి, వేళ్ళ మధ్యకు కూడా వాపు పాకితే ఇంట్లో బ్లేడు తీయకండి. ఫోన్లో వీడియోలు చూసి కోసేస్తున్నారు. కోళ్ళ చీము మన చీములా కారదు, గట్టిపడి ముద్ద కడుతుంది. పిండితే రాదు, తవ్వితే నరాలూ రక్తనాళాలూ తెగుతాయి. మత్తు లేకుండా కోయడం ఆ ప్రాణికి నరకం. విజయవాడ వాళ్ళకు గన్నవరం వెటర్నరీ కాలేజీ దగ్గరే. గుంటూరు వాళ్ళు ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకెళ్ళొచ్చు. పల్లెల్లో ఉంటే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం గురించి అడగండి. కోడికి కూడా వైద్యమా అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

5. బెణుకు, విరుపు

పుండూ దారమూ ఏమీ కనపడకుండా కీలు దగ్గర కొంచెం వాపు, కాలు పూర్తిగా దించకపోయినా అప్పుడప్పుడు ఆనించడం ఉంటే బెణుకే అనుకోవచ్చు. దానికి విశ్రాంతే మందు. చిన్న జాగాలో పెట్టి నాలుగైదు రోజులు ఎగరనివ్వకుండా చూస్తే మార్పు తెలుస్తుంది. మార్పు లేకపోతే మళ్ళీ మొదటి నుంచి తడమండి, ఏదో తప్పిపోయి ఉంటుంది.

కాలు అసలు నేలకు ఆనకుండా వేలాడుతుంటే, వంకర తిరిగితే విరిగిందని లెక్క. మోకాలి కింద గొట్టం విరిగి చర్మం తెగకపోతే, దూది చుట్టి, ఐస్‌క్రీమ్ పుల్లలు రెండు పక్కలా పెట్టి కట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పక్షుల ఎముకలు మన ఎముకల కంటే తొందరగా అతుక్కుంటాయి, సరిగ్గా కడితే మూడు వారాల్లో గట్టిపడతాయి. తొడ ఎముక విరిగితే ఇంటి కట్టు పనికిరాదు. ఎముక బయటికి కనపడినా, కుక్క కరిచినా ఆ రోజే వెళ్ళాలి.

నొప్పి బిళ్ళల గురించి గట్టిగా చెప్పాలి. ఇంట్లో మనం వేసుకునే డైక్లోఫెనాక్ లాంటివి కోడికి వేయొద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి. దాన్ని పశువులకు వాడటాన్ని 2006లోనే మన దేశంలో నిషేధించారు. ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోవడమే అందుకు కారణం. కోడికి సాధారణంగా మెలాక్సికామ్ ఇస్తారు, అది కూడా బరువు చూసి డాక్టరు చెప్పిన మోతాదులోనే. నొప్పి మందు గానీ యాంటీబయాటిక్ గానీ వేస్తే ఎన్నాళ్ళు గుడ్లు తినకూడదో అడిగి రాసుకోండి.

6. పెట్టలోనూ పిల్లల్లోనూ వచ్చే వేరే కారణాలు

కొత్తగా గుడ్డుకొచ్చిన పెట్ట తోక దించి, ఒళ్ళు నిటారుగా చేసుకుని, ముక్కుతూ కుంటుతుంటే గుడ్డు అడ్డుపడిందేమో చూడండి. లోపల ఇరుక్కున్న గుడ్డు కాలి నరాన్ని నొక్కితే కాళ్ళు తేలిపోతాయి. గోరువెచ్చటి నీళ్ళలో పొట్ట మునిగేలా పావుగంట, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, తుడిచి, చీకటిగా ఉన్న వెచ్చటి చోట వదలండి. పొట్ట పిసికి గుడ్డు బయటికి నెట్టే పని చేయకండి, లోపల పగిలితే ప్రాణం మీదికొస్తుంది. అదే పూట గుడ్డు రాకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఒక గుడ్డు పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం పోతుంది. మేతలో అది లేకపోతే కోడి తన ఎముకల్లోంచే తీసి పెడుతుంది. రోజూ గుడ్డు పెట్టే గ్రామప్రియ లాంటి పెట్ట నూకలూ తవుడూ మాత్రమే తింటూ ఒకరోజు కూలబడిందంటే ఆశ్చర్యం లేదు. ఆల్చిప్పల పొడి విడిగా ఒక మూకుడులో పెట్టండి, కావాల్సినంత అదే తింటుంది. పెంకు పొడి అయితే గుడ్డు పెంకులను వేయించి నలిపి పెట్టాలి. గుడ్డుకు రాని పిల్లలకు మాత్రం ఎక్కువ కాల్షియం మేత పెట్టకండి, కిడ్నీలు పాడవుతాయి.

పొలుసులు లేచి కాళ్ళు బూజు పట్టినట్టు గరుకుగా ఉంటే లోపల సన్న పురుగు చేరిందన్నమాట. కాళ్ళు సబ్బు నీళ్ళతో తోమి, కొబ్బరినూనె గానీ వాజ్‌లైన్ గానీ దట్టంగా పూస్తే ఊపిరాడక చస్తుంది. కొన్ని వారాలు పూయాలి, గుంపులో అన్నిటికీ పూయాలి. కిరోసిన్, పాత ఇంజినాయిలు పూసే అలవాటు మానుకోండి. చర్మం కాలిపోతుంది.

చిన్నపిల్లల్లో వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి మడమల మీద నడుస్తుంటే బి2 విటమిన్ లోపం కావొచ్చు. తొందరగా పట్టి విటమిన్ చుక్కలు నీళ్ళలో ఇస్తే కోలుకుంటాయి, ఆలస్యమైతే వంకర అలాగే ఉండిపోతుంది. వీధుల్లో అమ్మే రంగు పిల్లల్లో బ్రాయిలర్ జాతివి కూడా ఉంటాయి. అవి ఆరు వారాల్లో కోతకు రావడానికి పుట్టించినవి. ఇంట్లో పెంచి పెద్ద చేస్తే వాటి బరువే వాటి కాళ్ళను కూలుస్తుంది. మేత కొలిచి పెట్టడం తప్ప దానికి పెద్ద మందు లేదు.

7. ఆగకుండా డాక్టరుకు చెప్పాల్సినవి

ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కు చాపే కోడి, ముఖ్యంగా నెలన్నర దాటి గుడ్డుకొచ్చే వయసు లోపుదయితే మారెక్స్ అనుమానించాలి. ఇది వైరస్, మందు లేదు. ఈకల పొట్టుతో గాలిలో పాకుతుంది, గూట్లో నెలల తరబడి ఉండిపోతుంది. దీని టీకా హేచరీలో మొదటి రోజునే వేయాలి కాబట్టి పిల్లలను కొనేటప్పుడే వేశారో లేదో అడగండి.

కొక్కెర తెగులులో కాళ్ళూ రెక్కలూ పడిపోవడంతో పాటు మెడ మెలితిరుగుతుంది, ఆకుపచ్చ రెట్ట వేస్తుంది. కోళ్ళు చకచకా చచ్చిపోతాయి. టీకా ఒక్కటే రక్ష: మొదటి వారంలో కంటి చుక్క, మళ్ళీ నెల వయసులో, ఎనిమిది వారాలప్పుడు సూది. పశుసంవర్ధక సహాయకులను అడిగితే ఎప్పుడు వేస్తున్నారో చెబుతారు. ఒకేసారి చాలా చచ్చిపోతే బర్డ్ ఫ్లూ కూడా అనుమానించాల్సిందే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చిన గొడవ అందరికీ గుర్తుంది. అలా చచ్చిన కోడిని కాలవలో పడేయకండి, కోయకండి, పక్కవాళ్ళకు ఇవ్వకండి. పశువైద్యశాలకు చెప్పండి.

8. విశ్రాంతి గది

ఏ కారణమైనా కుంటే కోడిని గుంపులోంచి తీయాలి. బలహీనమైనదాన్ని మిగతావి పొడిచి చంపేస్తాయి. అలాగని పూర్తిగా ఏకాకిని చేయకండి, తోటి కోళ్ళు కనపడేలా, వినపడేలా పెట్టండి. పెద్ద అట్టపెట్టె గానీ, బోర్లించిన గంప గానీ చాలు. కింద రబ్బరు చాపో పాత తువ్వాలో వేయండి. పేపరు వేస్తే కాళ్ళు జారతాయి. నీళ్ళూ మేతా ముక్కుకు అందేంత దగ్గరలో ఉండాలి. నీళ్ళ గిన్నె లోతు తక్కువదే పెట్టండి.

మన ఎండల సంగతి వేరే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీలకు కూడా పోతుంది. బాగున్న కోడి నీడ వెతుక్కుని పోతుంది, కుంటిది పోలేదు. పొద్దున నీడగా ఉన్న చోట పెట్టి మీరు పనిలో పడితే పన్నెండింటికి అదే చోట నిప్పులు చెరుగుతాయి. రేకుల షెడ్డు కింద పెట్టొద్దు. వేపచెట్టు కిందో, వసారాలోనో పెట్టి, గంప మీద తడిపిన గోతం కప్పండి, గాలి ఆడేలా ఒక పక్క వదలండి. నోరు తెరిచి రొప్పుతుంటే కాళ్ళు చల్లటి నీళ్ళతో తడపండి, కాసింత ఎలక్ట్రాల్ కలిపిన నీళ్ళు పెట్టండి.

కదలని కోడికి ఈగలు పెద్ద గండం. తోక కింద రెట్ట అంటుకుంటే గంటల్లో ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడతాయి. రోజుకు రెండుసార్లు తుడవండి. ఎప్పుడూ రొమ్ము మీదే పడి ఉంటే అక్కడ పుండు లేస్తుంది. బొత్తిగా నిలబడలేని కోడికి పాత తువ్వాలుకు కాళ్ళు దూరేలా రెండు రంధ్రాలు కోసి, రెండు కొసలూ కుర్చీ చేతులకు కట్టి ఉయ్యాలలా వేలాడదీయొచ్చు. కాళ్ళు నేలను తాకీ తాకనట్టు ఉండాలి. రోజుకు కొన్ని గంటలు అలా ఉంచితే చాలు.

మేత తడిపి పెట్టండి. ఉడికించిన గుడ్డు కొంచెం, సన్నగా తరిగిన మునగాకు, తోటకూర కలిపితే ఇష్టంగా తింటుంది. పొద్దున్నే గొంతు కింద మేత సంచి తడిమి చూడండి, రాత్రి తిన్నది అరిగి ఖాళీగా ఉండాలి.

9. నేలా, దండెమూ

కాలు నయమైనా నేల మారకపోతే మళ్ళీ అదే కథ. సిమెంటు దొడ్లో కనీసం ఒక మూల మట్టి పోసి, మిగతా చోట వరిపొట్టు పరవండి. తడిసిన పొట్టు వెంటనే తీసేయండి. బరువైన కోళ్ళకు దండెం, అంటే రాత్రి ఎక్కి కూర్చునే కర్ర, అడుగున్నర కంటే ఎత్తు పెట్టకండి. అంచులు నున్నగా చెక్కిన కర్ర కావాలి, ఇనుప పైపు వద్దు. సంతలో కొన్న కోడి కాళ్ళకున్న ప్లాస్టిక్ తాడు ఇంటికి రాగానే కత్తిరించండి, మర్నాటి దాకా ఆగొద్దు. పుంజును కాలికి తాడు వేసి కట్టేవాళ్ళు నూలు తాడు వాడి, రోజూ కాలు మార్చి కట్టాలి.

10. మళ్ళీ గుంపులోకి

కట్టు విప్పాక రెండు మూడు రోజులు విడిగానే నడవనిచ్చి చూడండి. సాయంత్రానికి మళ్ళీ కాలు ఎత్తుతోందంటే ఇంకా సమయం ఉంది. నిలకడగా నడిస్తే, చీకటిపడ్డాక మిగతావి నిద్రలో ఉన్నప్పుడు వాటి పక్కన గూట్లో పెట్టండి. తెల్లారాక కొంచెం పొడుచుకుంటాయి, అది మామూలే. రక్తం వస్తే మాత్రం విడదీసి, ఎక్కువ పొడిచేదాన్నే రెండు రోజులు బయట గంప కింద పెట్టండి. మేత గిన్నెలు రెండు మూడు చోట్ల పెడితే గొడవ తగ్గుతుంది. మొదటి వారం రోజూ సాయంత్రం ఆ కోడి అరికాలు ఒకసారి చూస్తుండండి.